అరసున్న

టార్టు నుంచి ఓడ దాటి వచ్చిన డాక్టరమ్మ
వంటగది బల్ల మీద కాగితం పరిచి
మగవాళ్లకి చదరాలు, ఆడవాళ్లకి సున్నాలు గీసింది.
చేతులు చీలి పుట్టినవాళ్లని నల్లగా నింపింది.
పోయినవాళ్ల మీద ఏటవాలుగా ఒక గీత.

హెల్దుర్ తాత, నలుపు.
చేతికి రెండేసి వేళ్లు, నడుమ మణికట్టు దాకా లోయ.
ఆ లోయలోనే తెడ్డు ఇరికించుకుని
మంచు కరిగిన మర్నాడే సముద్రం మీదికి పోయేవాడట.
అతను వేసిన వల ముడి ఇప్పటికీ ఎవరూ విప్పలేదని
దీవిలో చెప్పుకుంటారు. కొంత అబద్ధమే.

అతని కూతురు మయిము, తెలుపు.
పది వేళ్లూ పద్ధతిగా ఉన్న మనిషి.
ఆమె కూతురు పిరెట్, తెలుపు.
పిరెట్ ఒళ్లో ఆరు వారాల పిల్లాడు,
నిద్రలో గాలిలోకి ఎత్తిన
రెండు చిన్న పంగలకర్రలు.

ఎవరో పూర్వీకుడు పిల్లతల్లి సీలుని చంపాడట,
అది చస్తూ ముందరి రెక్కలు చాపి శపించిందట.
ఏడో నెలలో పిరెట్ పొగబెట్టిన చేప తిన్నదని ఇంకో కథ.
మూడో కథ అత్తగారిది. ఆవిడ చెప్పలేదు,
చెప్పనిదేదో తెలిసేలా తలుపు వేసింది.
వేలెత్తి చూపడానికి ఊరి నిండా వేళ్లే.

"శాపం కాదు," అంది డాక్టరమ్మ.
"దిగుతుంది. ఒక్కోసారి కనపడకుండా దిగుతుంది.
మీ అమ్మలో ఉంది, నీలో ఉంది.
ఎందుకు బయటపడలేదంటే..."
ఆగి, కళ్లద్దాలు తీసి,
"తెలీదు. పూర్తిగా ఎవరికీ తెలీదు," అంది.
ఆరు వారాల్లో పిరెట్‌కి నచ్చిన మొదటి మాట.

రెండు తెల్ల సున్నాల మధ్య
పెన్ను మొనతో ఒక్కో చుక్క.

తెలుగులో ఒకప్పుడు అరసున్న ఉండేది.
వాఁడు అని రాసి వాడు అని చదివేవాళ్లు.
ఎప్పటిదో ఒక పూర్తి సున్న, గొంతు పోగొట్టుకుని
గుర్తుగా మిగిలింది. పలకదు. పోదు.
ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్లెవరికీ ఈ సంగతి తెలీదు.
నాకు తెలుసు గనక ఇక్కడ రాస్తున్నాను.

అప్పటిదాకా కాఫీ కలుపుతూనే ఉన్న మయిము
లోపలికి వెళ్లి చెక్కపెట్టె తెచ్చింది.
హెల్దుర్ చేతితొడుగులు, వాళ్లమ్మ అల్లినవి,
నారింజ పూలు, నల్ల అంచు, రెండేసి వేళ్లు.
డాక్టరమ్మ ఫోటోలు తీసుకుంది, అడిగి.
పెట్టె అడుగున ఇంకో జత,
బొటనవేలంత.

"తాతవా, చిన్నప్పటివి?"
"కాదు. నేను అల్లాను."
చెంచా ఇంకా తిరుగుతూనే ఉంది.
"నీకంటే ముందు. తొమ్మిది రోజులు బతికింది.
తొమ్మిది రోజులూ అల్లాను."

కాగితం మీద పిరెట్ పక్కన
ఖాళీ ఎంతుందో డాక్టరమ్మ చూసుకుంది.
ఒక సున్న గీసింది. నింపింది.
గీత గీయబోయి, "పేరు?" అంది.
"లెయిదా."
ముప్ఫై ఎనిమిదేళ్ల తరవాత ఆ ఇంట్లో
ఆ పేరు గాలి పీల్చింది.

"నాకు చెప్పి ఉండాల్సింది," అంది పిరెట్.
"చెబితే కనేదానివా?"
పిరెట్ జవాబివ్వలేదు. ఇవ్వగలిగితే
ఈ పద్యం ఇంకోలా ఉండేది.

పిల్లాడు లేచాడు. ఏడవలేదు.
పెన్నుని రెండు వేళ్ల మధ్య పట్టుకుని
వదలమంటే వదల్లేదు.
ఎడమ తొడుగు సరిగ్గా సరిపోయింది.
కుడిచేతికి మూడు వేళ్లు, పట్టలేదు.
ఐదు వేళ్లూ ఒక్కలా ఉండవంటాం గానీ
రెండు చేతులూ ఉండవు.

"ఈ నారింజ రంగు ఇప్పుడు దొరకదు,"
గొణుక్కుంటూ మయిము
సూదుల కోసం సొరుగులన్నీ లాగుతోంది.